మోకాళ్ళ నొప్పితో ఏథెన్సులో ఒక పగలు

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఇలా వ్రాశారు:

"డాక్టరుగారికి నమస్కారాలు. నా వయస్సు 67. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పి. అరిగిపోయాయన్నారు. కుడిది మరీ ఎక్కువ. బి.పి., షుగరు ఉన్నాయి, మందులు వాడుతున్నాను. ఇంట్లో తిరగగలను. బజారుకు వెళ్ళివస్తే మధ్యలో రెండుసార్లు ఎక్కడో ఒకచోట కూలబడాలి. మెట్లు మాత్రం నా వల్ల కాదు. జర్మనీలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు నవంబరు నెలాఖరులో నన్ను ఓడ మీద గ్రీసు తీసుకువెళ్తామని టిక్కెట్లు కొన్నారు. ఒక రోజు పొద్దున ఏడింటికి ఓడ ఏథెన్సు రేవుకు చేరి, సాయంత్రం ఆరింటికి బయలుదేరుతుందట. మర్నాడు శాంటోరిని దీవి. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలకు పెరిక్లీసు గురించి, పార్థినాన్ గుడి గురించి పాఠం చెప్పాను. కాని ఆ కొండ ఎక్కడం నాకు సాధ్యమా? చక్రాల కుర్చీ తీసుకుందాం అంటున్నది అమ్మాయి. అల్లుడి చేత బండి తోయించుకుంటూ ఊరేగడమంటే నాకు తల కొట్టేసినట్లుంటుంది. నేను ఓడలోనే ఉండిపోతే వాళ్ళైనా సుఖంగా చూసి వస్తారు కదా? మీ సలహా కోరుతున్నాను."

అమ్మా, ఓడలో ఉండిపోవద్దు. ముందు ఆ మాట చెప్పి, ఎలా దిగాలో తరువాత చెబుతాను.

ఇటువంటి ఉత్తరాలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడి తల్లిదండ్రులను పిలిపించుకుంటున్నారు, ఊళ్ళు చూపిస్తున్నారు. సరదా పడవలసిన సమయానికి పెద్దవాళ్ళ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అప్పుడు రెండు రకాల తప్పులు జరుగుతూంటాయి. కొందరు "నా గురించి మీరు ఆగవద్దు" అని గదిలో కూర్చుంటారు. మరి కొందరు పిల్లల ముందు తగ్గడం ఇష్టంలేక పళ్ళ బిగువున నడిచి, మిగతా వారం రోజులూ మంచం మీద గడుపుతారు. మీరు మొదటి తరగతికి చెందినవారని మీ ఉత్తరమే చెబుతున్నది.

మోకాలి అరుగుదలలో జరిగేది ఏమిటంటే, ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థి పలుచబడుతుంది. ఆ మృదులాస్థికి నొప్పి తెలియదు, అందులో నరాలు లేవు. నొప్పి పుట్టేది దాని కింద ఉన్న ఎముకలోను, కీలు చుట్టూ ఉన్న పొరలోను. చదునైన నేల మీద నడిచేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు భారం పడుతుంది. మెట్ల మీద ఇంకా ఎక్కువ. కాబట్టి మీకు నడక నిషిద్ధం కాదు, మెట్లు, ఎగుడుదిగుళ్ళు, ఆగకుండా నడవడం ఇవే శత్రువులు. కదలకుండా గంటల తరబడి కూర్చున్నా కీలు బిగుసుకుపోతుంది. ఓడ గదిలో పగలంతా కూర్చుంటే మోకాలికి విశ్రాంతి దొరుకుతుందనుకోవడం పొరపాటు.

ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరే ఒక చిన్న లెక్క వేసుకోండి. గడియారం చూసుకుని చదునైన వీధిలో మీ మామూలు వేగంతో నడవండి. ఎన్ని నిమిషాలకు నొప్పి మొదలవుతుందో రాసుకోండి. పదిహేను నిమిషాలనుకోండి. అయితే ఏథెన్సులో మీరు పది నిమిషాలకే కూర్చోవాలి. నొప్పి వచ్చాక కూర్చుంటే అది తగ్గడానికి అరగంట పడుతుంది. రాకముందే కూర్చుంటే అయిదు నిమిషాలు చాలు. ఈ చిన్న తేడా తెలియకనే చాలామంది సగం రోజు పాడుచేసుకుంటారు. ఇంకా ఆరు వారాల వ్యవధి ఉంటే తొడ కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు తిన్నగా చాచి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, పూటకు ఒకసారి, రోజూ రెండు పూటలా. నొప్పి పెరిగితే సంఖ్య తగ్గించండి, మానకండి.

చేతికర్ర సంగతి. మీకు కుడి మోకాలు ఎక్కువ నొప్పి కనుక కర్ర ఎడమచేతిలో ఉండాలి. నూటికి తొంభై మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారని నా అనుభవం. నిటారుగా నిలబడి చేతులు వదిలితే కర్ర పిడి మీ మణికట్టు గీత దగ్గరకు రావాలి. అడుగున రబ్బరు తొడుగు అరిగి ఉంటే కొత్తది వేయించండి, తడి రాళ్ళ మీద ప్రాణం నిలబెట్టేది అదే. తప్పనిసరిగా రెండు మెట్లు ఎక్కవలసివస్తే మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మా నాన్నగారు చేతికర్ర పట్టుకోవడానికి రెండేళ్ళు ఒప్పుకోలేదు, ముసలితనం వచ్చినట్లు కనిపిస్తుందని. గుమ్మం దగ్గర తూలిపడి మణికట్టు విరిగిన తరువాత ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ ఊరి విషయానికి వద్దాం. నవంబరు నెలాఖరు అక్కడ సీజను కాదు. ఇది మీకు మంచిదే. ఎండాకాలంలో గ్రీసు వేడి బి.పి. మందులు వాడేవాళ్ళకు ప్రమాదకరం. 2023 జూలైలో, 2024 జూన్‌లో ఎండ తీవ్రతకు తట్టుకోలేక అక్రోపోలిస్ కొండను మధ్యాహ్నం పూట మూసివేశారు. మీరు వెళ్ళే రోజుల్లో ఆ బాధ లేదు. తోపులాట తక్కువ, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, మీరు నిదానంగా నడిచినా వెనుకనుంచి ఎవరూ తోయరు.

ఇక చెడ్డ సంగతులు. నవంబరు, డిసెంబరు ఏథెన్సులో వానల నెలలు. సాయంత్రం అయిదు దాటగానే సూర్యాస్తమయం. శీతాకాలంలో చాలా పురావస్తు స్థలాలను మధ్యాహ్నం మూడున్నరకే మూసివేస్తారు. ఏ రోజుకు ఏ వేళలో ముందే కనుక్కోవాలి. నవంబరు నుంచి మార్చి వరకు నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ పురావస్తు స్థలాల్లో ప్రవేశం ఉచితం, కనుక ఆ రోజు రద్దీ. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ కొండ మీది రాళ్ళు లక్షల మంది పాదాల రాపిడికి నున్నగా పాలిషు పట్టినట్లుంటాయి. వాన చినుకు పడితే సబ్బు రాసినట్లే. మీ వయస్సులో పడి తుంటి ఎముక విరిగితే అది విహారయాత్రతో పోయే నష్టం కాదు.

ఓడ ఆగేది పిరేయస్ రేవులో. అక్కడినుంచి అక్రోపోలిస్ సుమారు పది కిలోమీటర్లు. ఏథెన్సు మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, 2022లో పిరేయస్ వరకు కొత్త లైను కూడా వేశారు. అయినా మీకు మెట్రో వద్దంటాను. ఓడ ఆగిన చోటు నుంచి స్టేషను చేరడానికే మీ రోజువారీ నడక ఖర్చయిపోతుంది. నలుగురు కూర్చునే టాక్సీ చాలు, మడత కుర్చీ డిక్కీలో పడుతుంది. ఓడలోనే విహార యాత్రలు అమ్ముతారు. అందులో "సులభం" అని అచ్చువేసినంత మాత్రాన నమ్మవద్దు. బస్సు ఎక్కడ ఆపుతారు, అక్కడనుంచి ఎంత నడక, ఎన్ని మెట్లు, మధ్యలో కూర్చునే చోటుందా, బాత్రూం ఎక్కడ అని అమ్మాయి చేత కౌంటరులో అడిగించండి. సమాధానం తడుముకుంటే ఆ యాత్ర మీకు కాదు. ఓడ దిగడానికి తొందరపడవద్దు. మొదటి గంటలో అందరూ ఒక్కసారి పడతారు. ఎనిమిదిన్నరకు దిగినా ఏమీ నష్టపోరు.

కొండ ఎక్కకుండానే పైకి వెళ్ళే దారి ఉంది. 2004లో ఏథెన్సులో పారాలింపిక్ క్రీడలు జరిగినప్పుడు అక్రోపోలిస్‌కు ఒక లిఫ్టు పెట్టారు. అది పాతబడింది. దానికి బదులు 2020 డిసెంబరులో కొండకు ఉత్తరం వైపున కొత్త లిఫ్టు ప్రారంభించారు. పైన చక్రాల కుర్చీలు వెళ్ళడానికి సిమెంటు బాటలు కూడా వేశారు. అంత పురాతన స్థలంలో సిమెంటా అని పండితులు కొందరు గొడవచేశారు. ఆ గొడవలో నేను మోకాళ్ళ పక్షం. లిఫ్టు మీవంటివారికోసమే, తోడు ఒకరిని రానిస్తారు. టిక్కెట్టు ఇప్పుడు ఫలానా గంటకు అని నిర్ణయించి ఇస్తున్నారు, అది ముందుగా కొనాలి. లిఫ్టు కావాలని ముందుగానే తెలియజేసి, ప్రధాన ద్వారం దగ్గర మళ్ళీ చెప్పాలి. అయితే గట్టిగా గాలి వీచినా, వాతావరణం బాగాలేకపోయినా లిఫ్టు ఆపివేస్తారు. నవంబరులో ఇది జరగడానికి అవకాశం ఎక్కువ. లిఫ్టు ఆగితే మెట్లు ఎక్కుదామని ఎవరన్నా మీరు ఒప్పుకోకూడదు.

నన్నడిగితే ముందు మ్యూజియంకు వెళ్ళమంటాను. కొండకు దక్షిణాన, దిగువన, 2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియం ఉంది. లోపలంతా లిఫ్టులు, చదునైన నేల. చక్రాల కుర్చీ అడిగితే అక్కడే ఉచితంగా ఇస్తారు, కాబట్టి రేవు నుంచి తీసుకుపోలేకపోయినా ఫరవాలేదు. ప్రవేశం దగ్గర గాజు నేల కింద తవ్వకాల్లో బయటపడిన పాత వీధులు కనిపిస్తాయి. కొందరికి అక్కడ కళ్ళు తిరిగినట్లుంటుంది. అటువంటప్పుడు కిందికి చూడకుండా అమ్మాయి చెయ్యి పట్టుకుని దాటండి. గుడి కప్పును స్తంభాలుగా మోసిన రాతి స్త్రీమూర్తులు ఆరుగురిలో అయిదుగురు ఇక్కడ ఉన్నారు, ఆరవది లండన్‌లో. అన్నిటికీ పై అంతస్తులో, పార్థినాన్ గుడి ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు, అదే కొలతలతో ఒక గాజు హాలు కట్టి శిల్పాలను వరుసగా పెట్టారు. లండన్‌లో ఉన్నవాటికి బదులు తెల్లని అచ్చులు పెట్టారు. ఆ హాలులో కుర్చీలో కూర్చుని తల ఎత్తితే గాజులోనుంచి ఎదురుగా కొండ, కొండమీద గుడి. ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం అక్కడ మెట్టు ఎక్కకుండా కనిపిస్తుంది. రెండో అంతస్తులో హోటలు కూడా ఉంది. ఇదంతా తీరికగా రెండు గంటల పని. అప్పటికి ఆకాశం నిర్మలంగా ఉండి, లిఫ్టు నడుస్తున్నదని తెలిస్తే పైకి వెళ్ళండి. టిక్కెట్టు మధ్యాహ్నానికి తీసుకుంటే ఈ ఏర్పాటు సరిపోతుంది. నడవకపోతే మ్యూజియం ముందునుంచి సాగే రాతి పరుపు వీధిలో వాహనాలు తిరగవు. అక్కడ అల్లుడుగారు కుర్చీ తోస్తూ మిమ్మల్ని కొండ చుట్టూ కొంత దూరం తిప్పవచ్చు.

అల్లుడి చేత తోయించుకోవడం గురించి మీరు వ్రాసినది నాకు అర్థమైంది. మన ఇళ్ళల్లో అల్లుడంటే మంచినీళ్ళు మనం అందించవలసిన మనిషి. కాని కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ కాదు గదా. టిక్కెట్లు కొన్నది, మిమ్మల్ని తీసుకురావాలనుకున్నది అమ్మాయి ఒక్కతే కాదు, అతను కూడా. మీరు గదిలో కూర్చుంటే వాళ్ళిద్దరూ రెండు గంటలకొకసారి "అమ్మ ఏం చేస్తున్నదో" అనుకుంటూ తిరుగుతారు, అది సుఖం కాదు. ఇంకొక మార్గం ఉంది. నాలుగు చక్రాలు, సీటు, బ్రేకులు ఉన్న నడక బండి దొరుకుతుంది. చదునైన చోట దాన్ని పట్టుకుని మీరే నడవండి, పది నిమిషాలకు దాని మీదే కూర్చోండి. కూర్చున్నప్పుడు దాన్ని తోయకూడదు, బోల్తాపడుతుంది. ఎత్తు, దూరం ఉన్నచోట చక్రాల కుర్చీ. రోజంతా కుర్చీలో ఉండాలని ఎవరూ చెప్పడంలేదు.

తోసేవారికి రెండు మాటలు. ఆపినప్పుడల్లా రెండు బ్రేకులూ వేయాలి. ఏటవాలులో దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తాను ముందు దిగుతూ దించాలి, లేకపోతే మనిషి ముందుకు జారిపోతుంది. ఓడనుంచి రేవుకు దించే వంతెన కొన్ని చోట్ల బాగా వాలుగా ఉంటుంది, అక్కడ ఓడ సిబ్బంది సాయం అడగాలి. మీరు చీర కట్టుకునేటట్లయితే కుచ్చెళ్ళు రెండంగుళాలు ఎత్తుగా పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకోండి. కొంగు చక్రంలో పడితే మెడకు వస్తుంది. పంజాబీ డ్రస్సు అలవాటుంటే ఇంకా మంచిది. కాళ్ళకు వెనుక పట్టీ ఉన్న, అడుగున గాళ్ళున్న, కనీసం నెల రోజులు వాడిన బూట్లు. షుగరు ఉన్నవాళ్ళు కొత్త బూట్లతో ప్రయాణం చేయకూడదు. రాత్రి పడుకునేముందు రెండు పాదాలూ అరికాళ్ళతో సహా చూడాలి, మీరు వంగలేకపోతే అమ్మాయిని చూడమనండి.

ఇంకొక విషయం, స్త్రీలు నాతో చెప్పడానికి మొహమాటపడేది. బయట బాత్రూం దొరకదని పొద్దుటినుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. బి.పి. మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేది ఉంటే, దాన్ని ఆ రోజుకు వేసుకోవడం కూడా మానేస్తారు. రెండూ తప్పే. ఆ మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చునేమో మీ డాక్టరును ముందే అడగండి, మీరుగా మానవద్దు. మ్యూజియంలో మంచి బాత్రూములున్నాయి, కుర్చీ పట్టేవి కూడా. అక్కడ అన్నీ కూర్చునే కమోడ్లే కనుక మోకాళ్ళకు బాధ లేదు. నీళ్ళకు చిన్న సీసా ఒకటి సంచిలో పెట్టుకోండి. గ్రీసులో కాగితం కమోడులో వేయకుండా పక్కన ఉన్న బుట్టలో వేయాలని చాలాచోట్ల వ్రాసి ఉంటుంది, గొట్టాలు సన్నం. ఆ బోర్డు చూసి కంగారు పడకండి.

మందులు ఆ రోజువి, ఇంకా రెండు రోజులవి చేతిసంచిలో ఉండాలి, ఓడలో వదలరాదు. ఏ కారణం చేతనైనా ఓడ అందకపోతే ఆ సంచే ఆధారం. డాక్టరు చీటీలో మందుల అసలు పేర్లు వ్రాయించుకోండి. దగ్గుకో నొప్పికో కోడీన్ కలిసిన మందు వాడేవారు చీటీ లేకుండా గ్రీసుకు తీసుకుపోకూడదు, అక్కడ దాని మీద ఆంక్షలున్నాయి. నొప్పికి పారసెటమాల్ చాలు. "ఈ ఒక్కరోజే కదా" అని డైక్లోఫినాక్, ఐబుప్రొఫేన్ రకం మాత్రలు మీ అంతట మీరు మింగవద్దు. బి.పి., షుగరు ఉన్నవాళ్ళ మూత్రపిండాలకు అవి హాని చేస్తాయి. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడుతున్నవారు భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి తూలిపోవచ్చు. గ్లూకోజు బిళ్ళలు జేబులో ఉంచుకోండి. వీసాకోసం తీసుకునే ముప్ఫై వేల యూరోల వైద్యబీమాలో పాత జబ్బులు చాలాసార్లు చేరవు, కాగితం చదివి చూడమనండి. అత్యవసరానికి అక్కడ 112, అంబులెన్సుకు 166. మందుల దుకాణానికి ఆకుపచ్చ శిలువ గుర్తు.

శాకాహారులకు అక్కడ తిండికి లోటు లేదు. పెద్ద చిక్కుడు గింజలు టమాటాలో ఉడికించి కాల్చినవి, ఉడికించిన ఆకుకూరలు, పప్పు చారు వంటి "ఫకేస్", గట్టి పెరుగు, అన్నీ మీకు పనికివస్తాయి. ఫెటా జున్నులోను, ఆలివు కాయల్లోను ఉప్పు ఎక్కువ, రుచికి తినండి. తేనెలో ముంచిన "లుకుమాదెస్" మన బూరెలకు చుట్టాలు, అవి అల్లుడుగారికి వదిలేయండి.

మర్నాటి శాంటోరిని సంగతి వేరు. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో ఆగితే చిన్న పడవల్లో రేవుకు చేరుస్తారు. ఊగే పడవలోకి మీరు అడుగు వేయాలి, అలలుంటే ఓడవాళ్ళే వద్దంటారు. రేవునుంచి ఊరు రెండువందల మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉంది. అక్కడికి 580కి పైగా మెట్లు, లేదా గాడిద, లేదా తీగ మీద నడిచే పెట్టె. ఆ పెట్టె కూడా గాలికి ఆగుతుంది. 2018లో గాడిదలమీద వంద కిలోలకు మించి ఎక్కించకూడదని నిబంధన పెట్టారు, కాని మోకాళ్ళు వంగని మనిషి గాడిద మీద కూర్చోవడం ఎంత బరువున్నా పనికిరాదు. శాంటోరినిలో మీరు ఓడలోనే ఉండండి. ఏథెన్సుకు వద్దని నేను చెప్పిన మాట ఇక్కడ కావాలని మారుస్తున్నాను. ఓడ పైతట్టున కూర్చుంటే ఆ కొండ అంచు, తెల్లని ఇళ్ళు అక్కడినుంచే బాగా కనిపిస్తాయి. పిల్లలిద్దరినీ మూడు గంటలు వెళ్ళిరమ్మనండి. మీరు ఓడమీద ఉన్నారని, కులాసాగా ఉన్నారని వాళ్ళకు తెలుసు కనుక ఆ మూడు గంటలూ వాళ్ళు నిజంగా చూస్తారు. ఒలింపియాకు దగ్గరి రేవు కాటకోలోలో మీ ఓడ ఆగుతుందా అన్నది కూడా కనుక్కోండి. అక్కడ ఓడ ఒడ్డుకే చేరుతుంది, ఊరు చదును, ఒలింపియా సుమారు 35 కిలోమీటర్లు, మైదానం. వాన పడితే మాత్రం మట్టి బాటల్లో చక్రాలు దిగబడతాయి.

ఏథెన్సు రోజున నాలుగింటికల్లా రేవుకు చేరండి. ఓడ ఆరింటికన్నా అంతకు కనీసం అరగంట ముందు అందరూ ఎక్కి ఉండాలంటారు, సాయంత్రం రోడ్లు కిక్కిరుస్తాయి. గదికి వచ్చాక కాళ్ళు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. మోకాలు వాస్తే గుడ్డలో చుట్టిన మంచు ముక్కలు పదిహేను నిమిషాలు పెట్టండి. ఒక పిక్క మాత్రమే ఉబ్బి, పట్టుకుంటే నొప్పి, వేడిగా ఉంటే అది నడక నొప్పి అనుకోవద్దు. మర్దన చేయించకుండా ఆ రాత్రే ఓడలోని డాక్టరుకు చూపించండి. ఆయాసం కూడా ఉంటే గదినుంచే ఫోను చేసి ఆయనను పిలిపించాలి, మీరు లేచి వెళ్ళకూడదు.